సాఫ్‌గ ఉండాలె

శుక్రవారం వచ్చిందంటే కొత్తవాడలోని ఆ ఇంట్లో ఇత్తడి సామానుకు తప్పించుకునే దారి లేదు. కుందులు, గంట, హారతి పళ్ళెం, చెంబు, అన్నీ సరోజన ముందు బారుగా కూర్చోవాల్సిందే. చింతపండు పెట్టి, కొబ్బరి పీచుతో ఆమె రుద్దుతుంటే ఆ చప్పుడు వీధి దాకా వినబడేది. డెబ్బై దాటిన మనిషి. మోకాళ్ళు మాట వినడం మానేశాయి గానీ వేళ్ళ బలం మాత్రం తగ్గలేదు. అన్నీ తోమాక గిన్నెలో కొంచెం చింతపండు మిగుల్చుకుని, పీట ఒక చేత్తో, నీళ్ళ చెంబు ఒక చేత్తో పట్టుకుని ఇంటి పక్కనున్న రేకుల షెడ్డులోకి పోయేది.

ఆ షెడ్డులో ఒకప్పుడు మగ్గాలు ఉండేవి. తర్వాత బండి మిగిలింది. బండి అంటే ఇప్పటి బండి కాదు. జీపు మొహమూ, గుండ్రటి దీపాలూ, వెనక ఇనుప తొట్టీ ఉన్న పాతకాలపు పికప్. సరోజన పెనిమిటి వెంకటరాజం మగ్గం దిగి దాని స్టీరింగు పట్టుకున్నాడు. కొత్తవాడలో నేసిన జంపఖానాలను మోపులు కట్టి వర్ధన్నపేట, మరిపెడ అంగళ్ళకూ, కాజీపేటలో రైలు పార్సిలుకూ చేరవేసేవాడు. అతను పోయిన తర్వాత బండి పదేళ్ళు కదల్లేదు. టైర్లు నేలకు కరుచుకుపోయాయి, తొట్టి చిల్లులు పడింది, సీటు కింద ఎలుకలు కాపురం పెట్టాయి. ఇవేవీ సరోజనకు పట్టేవి కావు. కుడివైపు ముందు చక్రం పక్కన పీట వేసుకుని, చెయ్యి లోపలికి చాచి, బండి అడుగు చట్రం, అదే ఛాసిస్ ఇనుము మీద అరచెయ్యంత జాగాను చింతపండుతో తోమేది. తడిగుడ్డతో తుడిచి, పసుపు పూసి, కుంకుమబొట్టు పెట్టేది. అప్పటిదాకా చాయ్ ముట్టేది కాదు.

ఆ జాగాలో ఉన్నది బండి అసలు నంబరు. బండి తయారైననాడే ఇనుములోకి దిగేటట్టు గుద్దిన అంకెలు.

వెంకటరాజం ఆ బండిని ఒక కాంట్రాక్టరు దగ్గర కొని, తన పేరు మీదికి మార్పించుకోవడానికి బ్రేకిన్‌స్పెక్టర్ ముందుకు తీసుకుపోయిన రోజు సరోజన కూడా వెంట పోయింది. చంకలో కొడుకు కృష్ణమోహన్ ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్ వంగి, ఆ ఇనుము మీద కాగితం పెట్టి పెన్సిల్ అడ్డంగా రుద్దితే, నల్లటి మసిలోంచి అంకెలు తెల్లగా పైకి తేలాయి. రెండో తరగతితో బడి మానేసిన సరోజనకు అది గారడీ అనిపించింది. ఆమె కళ్ళు పెద్దవి చేసుకుని చూడటం చూసి ఆయన నవ్వాడు.

“అమ్మా, బండి అసలు పేరు గిదే. బయటి ప్లేటు పోతే ఇంకోటి రాయించుకోవచ్చు. గిది పోతే బండి పోయినట్టే. ఎప్పుడు చూసినా సాఫ్‌గ ఉండాలె. యాదుంచుకోండ్రి” అన్నాడు.

వెంకటరాజం ఆ మాటను గేటు దాటకముందే మరచిపోయాడు. మగవాళ్ళకు చెప్పిన జాగ్రత్తలు సాధారణంగా అక్కడిదాకానే వస్తాయి. సరోజన మరచిపోలేదు. పై శుక్రవారమే చింతపండు గిన్నె పట్టుకుని బండి దగ్గర కూర్చుంది.

కృష్ణమోహన్‌కు ఇప్పుడు నలభై ఆరేళ్ళు. జంపఖానాల గిరాకీ ఉన్నన్నాళ్ళు మగ్గం నేశాడు. అది పడిపోయాక చంద్రమౌళి సేటు నూలు దుకాణంలో ట్రాలీ ఆటో నడపడానికి కుదిరాడు. చంద్రమౌళి చెడ్డవాడేం కాదు, పండగకు బట్టలు పెట్టేవాడు, తప్పు జరిగితే అరిచి ఊరుకునేవాడు. అయినా అది సేటు బండి. పొద్దున తాళం అడగాలి, సాయంత్రం తాళం అప్పజెప్పాలి. పెళ్ళాన్నీ బిడ్డనూ ఎక్కించుకుని భద్రకాళి గుడికి పోవాలన్నా అడగాలి. తలలో తెల్లవెంట్రుకలు వచ్చిన మనిషి రోజూ తాళం కోసం చెయ్యి చాపడం ఎంత చిన్నతనంగా ఉంటుందో చాపేవాడికే తెలుస్తుంది.

అతనికి కావలసింది పెద్దదేమీ కాదు. తన బండి, తన తాళం. బాపు నడిపిన బండిని బాగుచేసుకుని, బాపు నడిపిన దార్లలోనే జంపఖానాలు, నూలు చేరవేసుకుంటూ రోజులు వెళ్ళదీయాలి. ఈ మాట చెప్పినప్పుడు అతని భార్య రాజశ్రీ తలమీద చెయ్యి పెట్టుకుంది. చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. నవ్వనివాడు పండరి ఒక్కడే. చిన్నప్పటి దోస్తు, పోచమ్మ మైదాన్ దగ్గర డెంటింగ్ షెడ్డు నడుపుతాడు. అతను షెడ్డులోకి వచ్చి, బండి చుట్టూ తిరిగి, బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టి, “రేకు మంచిదన్నా. గిసొంటి రేకు ఇప్పుడు యాడ దొరుకుతది” అన్నాడు. ఆరోజు పండరి కూడా నవ్వి ఉంటే ఎంత బాగుండేదో.

“పండరీ, ఫొటోలు దిగే బండి కాదురా నాకు కావల్సింది” అని కృష్ణమోహన్ ముందే చెప్పాడు. “రోజు తోలే బండి కావాలె. పొద్దున తాళం పెట్టంగనే స్టార్ట్ కావాలె. వాన పడ్డా మరిపెడ పోయి రావాలె.”

“ఫికర్ చెయ్యకే అన్నా. గుర్రం లెక్క చేసిస్త.”

ఆదివారాలన్నీ దానికే పోయాయి. ఒక ఎండాకాలం పోయి, వానాకాలం పోయి, మళ్ళీ ఎండలు వచ్చినా పని తెగలేదు. ఇంజిన్ మొత్తం విప్పి బోరు కొట్టించారు. పాత స్టీరింగు తిప్పితే భుజాలు పట్టేసేవి, దాని జాగాలో పవర్ స్టీరింగు పెట్టారు. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వచ్చాయి. గుండ్రటి దీపాలు పాతవే ఉంచి లోపల కొత్త లైట్లు అమర్చారు. ఎలుకలు కొరికిన సీటు పోయి, స్క్రాపులో పడ్డ కారు సీట్లు రెండు వచ్చాయి. వానలో సామాను తడవకుండా తొట్టి మీద కమ్మీలు వంచి తాటిపత్రి కట్టుకునే ఏర్పాటు చేశారు. తొట్టి నేలకు రేకు వేద్దామని పండరి అంటే, కృష్ణమోహన్ షెడ్డు మూలకు పడి ఉన్న బాపు మగ్గం చూపించాడు. ఆ టేకు చెక్కలకు చిత్రిక పట్టి తొట్టిలో పరిచారు. నూనె రాస్తే అవి తేనెరంగు తేలాయి. కాలేజీలో చదివే కూతురు మహిత బండి పక్కల పొడుగునా జంపఖానా అంచు గీసింది, ఎరుపు మీద నలుపు మెట్లు. ఆకుపచ్చ బండికి అది ఎంత అందం తెచ్చిందంటే, తలమీద చెయ్యి పెట్టుకున్న రాజశ్రీయే ఫోను తీసి ఫొటోలు కొట్టింది.

సరోజన ఎక్కడానికి వీలుగా ఎడమ తలుపు కింద ఒక మెట్టు కూడా వెల్డింగు చేయించాడు కృష్ణమోహన్. ఆమె ఎక్కి దిగి చూసి, ఇంకా కొంచెం కిందికి ఉండాలంది. దాన్ని కోసి మళ్ళీ అతికించారు.

ఆ పనంతటిలో ఆమె అడ్డం వచ్చింది ఒక్కసారే. ఛాసిస్ తుప్పు గీకడానికి పండరి గ్రైండర్ తిప్పగానే, పొయ్యి మీద కూర వదిలేసి పరుగున వచ్చి చక్రం దగ్గర చెయ్యి అడ్డం పెట్టింది.

“ఈడ మిషన్ పెట్టకు బిడ్డా! నంబరున్నది. ఒక్క గీత పడ్డా ఊకోను.”

“పెట్టనే పెద్దమ్మా. నాకెర్క లేదా” అని పండరి ఆ జాగా మీద కాగితం వేసి చుట్టూ టేపు అంటించాడు. టేపు అవతల ఛాసిస్ అంతా గీకారు, ప్రైమర్ కొట్టారు, నల్లరంగు వేశారు. అరచెయ్యంత జాగా మాత్రం పసుపూ కుంకుమతో అలాగే ఉంది. ఇద్దరు మగవాళ్ళు, అందులో ఒకడు పాతికేళ్ళుగా ఇదే పని చేస్తున్నవాడు, ఆ పసుపు తుడిచి ఒక్కసారి చూసి ఉంటే సరిపోయేది. చూడలేదు. పసుపు పూసిన చోట కింద ఏముందని గోకి చూడటం మన ఇళ్ళల్లో ఎవరికీ అలవాటు లేదు.

దసరా పోయిన వారం బండిని ఆర్టీఏ ఆఫీసుకు తీసుకుపోవాలని ముహూర్తం పెట్టుకున్నారు. గడువు తీరిన రిజిస్ట్రేషన్ మళ్ళీ చేయించుకోవాలి. బండి చూపించి పాస్ చేయించుకుంటే, ఆ మర్నాటి నుంచే రోడ్డెక్కవచ్చు. ముందు రోజు సాయంత్రం కృష్ణమోహన్ సేటు దగ్గరికి పోయి ట్రాలీ తాళం బల్ల మీద పెట్టాడు.

“రేపటి సంది రాను సేటు. నా బండి అయిపోయింది.”

చంద్రమౌళి కళ్ళజోడు తీసి చూశాడు. “మంచిదే. కని పాత బండి గద మోహన్. అన్ని మంచిగున్నయా?”

“అన్ని మంచిగున్నయి” అన్నాడు కృష్ణమోహన్. ఆ మాట అంటుంటే అతనికి ఛాతీ నిండుగా అనిపించింది. నడిచి ఇంటికి వచ్చాడు, దారిలో ఎవరు పలకరించినా ఆగి మాట్లాడాడు.

మర్నాడు పొద్దున సరోజన అందరికంటే ముందు తయారైంది. పెట్టెలోంచి గద్వాల చీర తీసి కట్టుకుంది. బుధవారమైనా సరే, చింతపండు గిన్నెతో చక్రం దగ్గర కూర్చుని ఆ జాగాను మరీమరీ తోమి, కొత్త పసుపు పూసింది.

“నువ్వెందుకే అవ్వా, ఎండల” అన్నాడు కృష్ణమోహన్.

“గప్పుడు నేనే ఉన్న. గిప్పుడు గూడ నేనే ఉండాలె. సారుకు నేను చూపిస్త.”

మెట్టు ఎక్కి సీట్లో కూర్చుని, కొంగు సర్దుకుని, “నడువు” అంది.

ఇన్‌స్పెక్టర్ చిన్నవయసువాడు, మర్యాదస్తుడు. బండిని చూడగానే చేతిలో పని పక్కన పెట్టి వచ్చాడు. చుట్టూ తిరిగి, మహిత గీసిన అంచు మీద చెయ్యి వేసి, “ఎవరు చేసిండ్రండి ఇది? చాలా బాగుంది” అన్నాడు. బ్రేకులు తొక్కించి చూశాడు, లైట్లు వేయించాడు, హారన్ కొట్టించాడు, పొగ చూశాడు. తొట్టిలో చెక్కలు మగ్గానివని తెలిసి ఫోనులో ఫొటో కూడా తీసుకున్నాడు. ఒక్కొక్కటి దాటుతుంటే కృష్ణమోహన్ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. పదో తరగతి ఫలితాల రోజున కూడా అతనికి ఇంత భయం, ఇంత ఆశ ఒక్కసారిగా కలగలేదు.

“ఇగ ఛాసిస్ ప్రింట్ ఒక్కటి తీసుకుంటే అయిపోతది” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

సరోజన మెట్టు దిగి వచ్చింది. “ఈడ సారూ, ఈడ” అని చక్రం పక్క చూపించింది. పసుపు పూసిన ఆ చోటును చూసి అతను కొంచెం తటపటాయించి, “తుడవచ్చా అమ్మా?” అని అడిగాడు. ఆమే తన కొంగు తడిపి తుడిచింది.

ఇనుము అద్దంలా మెరిసింది. ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. కాగితం పెట్టి పెన్సిల్ రుద్దాడు. నల్లగా వచ్చింది, అంతే. కాగితం కొంచెం జరిపి మళ్ళీ రుద్దాడు. ఫోను లైటు వేసి ఏటవాలుగా చూశాడు. చివరికి బొటనవేలు పెట్టి అటు నుంచి ఇటు తడిమాడు. కృష్ణమోహన్ గబగబా వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని తనూ వేలు పెట్టాడు. నున్నగా ఉంది. ఎక్కడా ఒక గుంట, ఒక గీత తగల్లేదు.

“ఇక్కడేం లేదు కదండి” అన్నాడు ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడి. “మొత్తం సాఫ్ అయిపోయింది.”

సరోజన మొహం విప్పారింది.

“ఔ సారూ! సాఫ్‌గనే ఉంటది” అంది. “నలభై ఏండ్ల సంది ఒక్క శుక్రారం తప్పలే. ఆయిన పోయిన వారం గూడ ఇంట్ల దీపం ముట్టియ్యలే కని, ఇది మాత్రం తోమిన. చింతపండు పెట్టి, పీసుతోటి, నేనే. కోడలికి గూడ ఇయ్యలే. గప్పటి సారు చెప్పిండు గద, సాఫ్‌గ ఉండాలెనని.”

ఇన్‌స్పెక్టర్ కృష్ణమోహన్ వంక చూశాడు. కృష్ణమోహన్ నేల వంక చూశాడు. ఆమె ఇద్దరి మొహాల్లోకీ చూస్తూ మెచ్చుకోలు కోసం నిలబడి ఉంది. “మంచిగున్నదా సారూ?” అని తనే అడిగింది.

“మంచిగుందమ్మా” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “మీరు పోయి నీడలో కూర్చోండి.”

ఆమె దూరం వెళ్ళాక అతను గొంతు తగ్గించాడు. “దొంగబండ్లకు గ్రైండర్ పెట్టి నంబరు లేపేసినోళ్లను చూసిన. చింతపండు పెట్టి లేపినోళ్లను...” అని నవ్వబోయి ఆగిపోయాడు. “సారీ అండి. నిజంగా నాకు ఏం చెయ్యాలో తోస్తలేదు. బండి బంగారం లెక్కున్నది. కానీ ఇది ఫలానా బండే అని నేను దేన్ని చూసి రాయాలె?”

“ఆర్సీల నంబరున్నది గద సార్.”

“ఆర్సీలో ఉంది. బండి మీద లేదు. నంబరు కొట్టిన రేకుపట్టీ ఏమన్నా ఉండేదా, ముందు అద్దం కింద?”

ఉండేది. కృష్ణమోహన్ చిన్నప్పుడే అది తుప్పు పట్టి రాలిపోయింది. ఇంజిన్ మీది నంబరా అంటే, బాపు ఎన్నడో ఇంజిన్ బ్లాకే మార్పించాడు. బాపు ఉన్నన్నాళ్ళు ఆర్టీఏకు బండి చూపించిన ప్రతిసారీ తనే కాగితం పెట్టి, పెన్సిల్ ఎక్కడ నొక్కాలో అక్కడ నొక్కి, ఆ ప్రింటు తీసేవాడు. చివరిసారి చాలాసేపు పట్టిందని ఇంటికొచ్చి అన్నట్టు కృష్ణమోహన్‌కు లీలగా గుర్తుంది. ఆ తర్వాత పదేళ్ళ శుక్రవారాలు గడిచాయి.

“నేను పైకి రాస్త” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “పోలీసు విచారణ ఉంటది, బండిని పరీక్ష చేస్తరు. వాళ్ళకు నమ్మకం కుదిరితే నంబరు మళ్ల కొట్టిస్తరు. ఎన్నడంటే నేను చెప్పలేను. కుదరకపోతే ఏమైతదో కూడా చెప్పలేను. అంతదాకా బండి రోడ్డెక్కొద్దు. ఇప్పుడు సీదా ఇంటికి తీసుకపోండి.”

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కృష్ణమోహన్‌కు అర్థం కాలేదు. ఆఫీసరు గదమాయించినా బాగుండేది, వెనక్కి తిరిగి నాలుగు తిట్టుకునేవాడు. చెయ్యి చాపినా బాగుండేది, ఏదోలా తడిపేవాడు. అతను మంచివాడు, అతను అన్నది నిజం. అందుకే కృష్ణమోహన్‌కు పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు.

ఇంటికి వచ్చే దారిలో బండి ఎంత బాగా నడిచిందో చెప్పలేం. స్టీరింగు ఒంటివేలుతో తిరిగింది. గేరు వెన్నలోకి దిగినట్టు పడింది. సిగ్నల్ దగ్గర బైకుల మీది పిల్లలు ఫోన్లు తీసి వీడియోలు పట్టారు. సరోజన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి తెలిసినవాళ్ళందరినీ పిలిచింది. “అనసూయా! ఏ అనసూయా! బండి పాసయింది!” అని పోచమ్మ మైదాన్ చౌరస్తాలో కూరగాయలు బేరమాడుతున్న మనిషికి వినబడేటట్టు అరిచింది.

“పాసయినట్టే గదరా?” అని ఇటు తిరిగి అడిగింది.

“ఇంక జర పనున్నదవ్వా” అన్నాడు కృష్ణమోహన్. గేరు మార్చి బండిని కొత్తవాడ వైపు తిప్పాడు.

ఆ సాయంత్రం పండరి వచ్చి బండి కింద వెల్లకిలా పడుకుని చాలాసేపు చూశాడు. బయటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. “నాదే తప్పన్నా, నేను చూడాలె గద” అని తల కొట్టుకున్నాడు. సంచిలోంచి ఒక చిన్న పెట్టె తీసి మూత తెరిచాడు. ఇనుము మీద అంకెలు గుద్దే పంచులు. “ఆర్సీల నంబరు ఉండనే ఉన్నది. పది సుత్తి దెబ్బలు. ఎవనికి తెలుస్తది?”

కృష్ణమోహన్ ఒక పంచు తీసి చూసి మళ్ళీ పెట్టెలో పెట్టేశాడు. “సారు వేలు పెట్టి చూసిండురా. లేదని రాసుకున్నడు. ఇప్పుడు కొడితే దొంగలమే అయితం” అన్నాడు. రాసుకోకపోయి ఉంటే కొట్టేవాడేనా అంటే, కొట్టేవాడే. ఆ సంగతి అతనికీ తెలుసు, పండరికీ తెలుసు.

తర్వాత తిరగని చోటు లేదు. అర్జీ పైకి పోయిందన్నారు. స్టేషన్‌కు పోతే ఇంకా తమ దాకా రాలేదన్నారు. ఎవరూ కసురుకోలేదు, అందరూ కూర్చోబెట్టి మాట్లాడి పంపించారు. కథ విని కొందరు నవ్వుకున్నారు కూడా. చంద్రమౌళి దగ్గరికి పోతే ట్రాలీకి అప్పటికే మరొకడు కుదిరిపోయాడు. “ఒక్క మాట ముందు చెప్తే ఆపుదును గద మోహన్” అని సేటు నిజంగానే నొచ్చుకున్నాడు. కొత్త డ్రైవరు రాని రోజున పిలుస్తానన్నాడు. కృష్ణమోహన్‌కు ఇప్పుడు తాళం అడగడానికి కూడా లేకుండా అయింది, పిలుపు కోసం ఎదురుచూడాలి.

బండి షెడ్డులో నిలబడే ఉంది. సరోజన రోజూ చూసింది. ఒకరోజు అన్నం పెడుతూ అడిగేసింది.

“బండెందుకు తీత్తలేవురా? అందరు అడుగుతాండ్రు.”

కృష్ణమోహన్ ముద్ద కలుపుతూ, తల ఎత్తకుండా చెప్పాడు. “నంబరు పోయిందవ్వా. నీకు చెప్పకుంట నేను గ్రైండర్ పెట్టిన. తుప్పు పోవాలెనని. అంకెలు గూడ పోయినయి.”

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ తర్వాత ఆమె నోరు ఆగింది లేదు. ఆ పూటంతా తిట్టింది. సాయంత్రం గడపలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళకు చెప్పింది. “నలభై ఏండ్లు కండ్లల్ల పెట్టుకోని చూసిన. ఒక్కనాడు, ఒక్కనాడే మిషన్ పెట్టిండు. అంత ఖతం. వీళ్ళ బాపు ఉంటే చెప్పు తీసి కొట్టేటోడు.” విన్నవాళ్ళు అయ్యో అన్నారు. కృష్ణమోహన్ లోపల మంచం మీద కూర్చుని అన్నీ విన్నాడు.

“మీరెందుకు పడుతాండ్రు?” అని రాజశ్రీ గొంతు నొక్కిపెట్టి అడిగింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు ఉన్నాయి. “చెప్పెయ్యండ్రి. ఎన్నిదినాలు అట్ల తిట్టించుకుంటరు?”

“చెప్తే నంబరొస్తదా?” అన్నాడు కృష్ణమోహన్. “తిట్టనీ. నన్ను తిట్టుకుంట మంచిగనే ఉన్నది గద. ఎర్కైతే ఎవరిని తిట్టుకోవాలె?”

రాజశ్రీ కొంగుతో కళ్ళు తుడుచుకుని వంటింట్లోకి పోయింది. అతనికి చేతనైంది ఒక్కటే మిగిలింది, తిట్లు తినడం. అది మాత్రం అతను బాగానే చేశాడు.

శుక్రవారం వచ్చింది. బ్యాటరీ దిగిపోకుండా పొద్దున ఒకసారి ఇంజిన్ తిప్పుదామని కృష్ణమోహన్ షెడ్డులోకి పోయి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. తాళం పెట్టబోతుంటే సరోజన వచ్చింది. పీట, చెంబు, చింతపండు గిన్నె. అతన్ని చూసీ చూడనట్టే చక్రం పక్కన కూర్చుంది. కోపం ఇంకా పోలేదు. నంబరు పోయినా బండి బండే కదా, శుక్రవారం శుక్రవారమే కదా అని అతను అనుకున్నాడు.

పీచు చప్పుడు కోసం చెవి ఒగ్గాడు. రాలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తే, ఆమె చెయ్యి లోపలికి చాచి, కళ్ళు మూసుకుని, బొటనవేలితో మెల్లగా తడుముతోంది. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు.

“మోహనా.”

“ఆఁ అవ్వా.”

“పండరి తొట్టికి మిషన్ పెట్టినప్పుడు చూసిన. గీతలు గీతలు పడ్డయి. చెయ్యి పెడితే గీసుకపోయింది.” ఆమె బొటనవేలు మళ్ళీ అటూ ఇటూ జరిగింది. “గిది నున్నగున్నదేందిరా?”

కృష్ణమోహన్ స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు.

“ఆ సారు సాఫ్ అన్నడు.” ఆమె ఇంకా వేలు తియ్యలేదు. “నేను మంచిగున్నదంటాండనుకున్న. ఏ సాఫ్ రా అది?”

ఏదో ఒకటి చెప్పాలి. పండరి తర్వాత పాలిష్ పెట్టాడనో, ఇంకొక మిషన్ అనో, ఏదో ఒకటి. ఇన్నాళ్ళు అబద్ధం మీద అబద్ధం ఆడినవాడికి ఆ ఒక్క అబద్ధం నోటికి రాలేదు. ఏం చెయ్యాలో తోచక చేతిలో ఉన్న తాళం తిప్పాడు. బండి అందుకుంది. ఒక్క దగ్గు లేకుండా, అతను పండరికి మొదటిరోజు చెప్పినట్టుగానే, తాళం పెట్టగానే అందుకుంది. షెడ్డు నిండా ఆ చప్పుడు నిండిపోయింది. అతను దాన్ని ఆపకుండా, కిటికీ వైపు తిరగకుండా, ఎదురుగా ఉన్న గోడ వంక చూస్తూ కూర్చున్నాడు.

ఇంజిన్ ఆపి దిగేసరికి ఆమె లేదు. చక్రం పక్కన పీట ఉంది, చెంబులో నీళ్ళు ఉన్నాయి. చింతపండు గిన్నె లేదు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో చారు పుల్లగా, నోట పెట్టలేనంత పుల్లగా ఉంది. మహిత ఏదో అనబోతే రాజశ్రీ కళ్ళతోనే ఆపింది. సరోజన తల దించుకుని వడ్డిస్తోంది. కృష్ణమోహన్ ఇంకో గరిటె పోయించుకుని, చివరి మెతుకు దాకా తిన్నాడు.